తెర మీద అర నిమిషం... షెడ్డులో ఇరవై రెండేళ్ళు!

పాతకాలం కథతో తీసిన సినిమా ఏదో చూస్తున్నారనుకోండి. హీరోయిన్ పోర్టికోలో నిలబడి ఉంటుంది. నల్లగా నిగనిగలాడే కారొకటి వయ్యారంగా వచ్చి ఆగుతుంది. హీరో దిగుతాడు. హాల్లో ఈలలు! అందరూ హీరోని చూస్తారు. రసికులు కొందరు హీరోయిన్ని చూస్తారు. కారుని చూసేవాళ్ళు నూటికో కోటికో ఒకరు. ఆ కారు వెనకాల, కామెరా కంటికి ఆనకుండా, నలుగురు కుర్రాళ్ళు వంగి తోస్తున్నారన్న సంగతి మాత్రం ఎవరికీ తెలీదు. మరి ఇంజను చప్పుడంటారా? అది తర్వాత థియేటర్లో కలిపింది. చాలాసార్లు ఆ చప్పుడు ఆ కారుదే కాదు!

నిజం చెప్పొద్దూ, నేనూ హీరోని చూసే రకాన్నే. కార్ల గురించి నాకు తెలిసిందల్లా ఎక్కడానికి ఏ తలుపు తియ్యాలో, అంతే. అలాంటి నేను మూడ్రోజులపాటు మద్రాసు సందుల్లో పిడికెడంత కంచు దిమ్మ కోసం తిరిగానంటే దానికో కథ ఉంది.

మా పెదనాన్న కోడంబాకంలో ప్రొడక్షన్ మేనేజరుగా చేశారు, తెలుగు సినిమా మద్రాసులో కాపురం ఉన్న రోజుల్లో. ఆయనకో స్టాండర్డ్ హెరాల్డ్ కారుండేది. 1968 మోడలు, మీగడ రంగు. 2003లో ఆయన పోయారు. కారు సాలిగ్రామంలో ఇంటి పక్కనున్న రేకుల షెడ్డులోకి వెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు.

ఈమధ్య ఓ సినిమా కంపెనీకి సరిగ్గా అలాంటి కారే కావలసి వచ్చింది. ఎందుకో తెలుసా? కొండ మీంచి లోయలోకి తోసెయ్యడానికి!

"క్లైమాక్సు సార్! అర నిమిషం షాటు. ఎలాగూ నడవని బండే కదా, మంచి రేటు ఇప్పిస్తాను" అన్నాడు ఫోన్లో వాళ్ళ మేనేజరు.

ఆ రేటు చూస్తే నాకూ నోరూరింది. పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"నడవదని ఎవర్రా చెప్పింది వాడికి? వచ్చి చూశాడా? నువ్వే రా. తెలిసినవాడెవడికన్నా చూపించు. వాడూ నడవదంటే అప్పుడు తోసుకోమను" అంది.

అదండీ, రాత్రికి రాత్రి నేను మద్రాసు రైలెక్కిన వైనం.

ఊరి పేరు 1996లో చెన్నై అయింది గానీ, మా ఇంట్లో ఇంకా మద్రాసే. రైల్లో నిద్ర పట్టక పాత కార్ల సినిమాలు గుర్తు చేసుకున్నాను. 1958లో రెండొచ్చాయి. ఒకటి హిందీ 'చల్తీ కా నామ్ గాడీ'. కిశోర్ కుమార్ మెకానిక్కు, వానరాత్రి ఆగిపోయిన కారుతో గ్యారేజీకొచ్చేది మధుబాల. అలాంటి బ్రేక్‌డౌన్ ఎవరికి చేదు! రెండోది బెంగాలీ 'అజాంత్రిక్', రిత్విక్ ఘటక్‌ది. ఓ టాక్సీ డ్రైవరు, అతని డొక్కు కారు. మొదటి సినిమా నవ్విస్తుంది. రెండో సినిమాలో కారు చివరికి పాత ఇనుము కింద వెళ్ళిపోతుంది. నాకు ఆ రాత్రి రెండోదే పదే పదే గుర్తొచ్చింది.

సెంట్రల్లో దిగి సాలిగ్రామానికి ఆటో మాట్లాడుకున్నాను. మౌంట్ రోడ్డు మీదుగా వెళ్తే పెదనాన్న మాటలన్నీ వరసగా గుర్తొస్తాయి. సింప్సన్ కంపెనీలో శామ్యూల్ జాన్ గ్రీన్ అనే ఆయన 1903లోనే ఆవిరి కారు తయారుచేశాడని, మన దేశంలో తయారైన మొదటి ఆవిరి కారు అదేనని ఆయన గొప్పగా చెప్పేవారు, అదేదో తనే చేసినట్టు! జెమినీ స్టూడియో లేదు, దాని పేరు పెట్టుకున్న ఫ్లైఓవర్ మాత్రం 1973 నుంచీ ఉంది. వడపళనిలో వాహినీ స్టూడియో ఉన్నచోట ఆసుపత్రి, మాలు. ఏవీయంలో మటుకు 2023లో ఓ మ్యూజియం తెరిచారు. పాత కామెరాలతోపాటు పాత కార్లు, మోటారు సైకిళ్ళు కూడా పెట్టారు. ఈసారి మద్రాసు వెళ్తే చూడండి. అక్కడి కార్లు పెళ్ళికూతుళ్ళలా ఉంటాయి.

మా కారు అలా లేదు సుమా!

షెడ్డు తాళం రాలేదు. పక్కింటాయన సుత్తి తెచ్చాడు. లోపల హెరాల్డ్ నాలుగు ఇటుకల దొంతుల మీద కూర్చుని ఉంది. టైర్లు నేలకి తగలకుండా అలా లేపించింది పెదనాన్నేనట, ఆసుపత్రికి వెళ్ళే ముందు వారం. డాష్‌బోర్డు మీద ఎలుక గూడు. వెనక సీటులో 2003 నాటి తమిళ పేపరు. పెద్దమ్మ గడప దగ్గరే నిలబడింది, లోపలికి రాలేదు.

మీలో చాలామంది హెరాల్డ్ చూసి ఉండరు. రోడ్డు మీద అంబాసిడర్, ఫియట్ తప్ప మూడో కారు కనిపించని రోజుల్లో ఆ మూడోది ఇదే. రూపం దిద్దింది మిచెలోట్టి అనే ఇటలీ ఆయన. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ అనేవారు. మన దగ్గర 1961 నుంచి మద్రాసు శివార్లలో, వండలూరు వైపు, స్టాండర్డ్ కంపెనీ తయారుచేసింది. 948 సీసీల చిన్న ఇంజను. ముందు భాగం బానెట్టూ మడ్‌గార్డులూ కలిపి మొసలి నోరులా మొత్తం ముందుకు తెరుచుకుంటుంది. చక్రం మీద కూర్చుని తాపీగా రిపేరు చేసుకోవచ్చు. ఇరవై అయిదడుగుల వెడల్పులో గిర్రున తిరిగిపోతుంది. పాండీబజారు సందుల్లో పెదనాన్న ఆ కారుని బొంగరంలా తిప్పేవారని మా నాన్న చెప్పేవారు. ఆ తిరగడంలోనే అసలు తిరకాసుందని ఎవరికి తెలుసు!

సుత్తి తెచ్చిన పక్కింటాయనే చెప్పాడు. రేపు ఆదివారం పొద్దున్నే పాత కార్లవాళ్ళ సంఘం కలుస్తుందట. నెలకోసారి ఎవరో ఒకరు మాట్లాడతారట. ఈ నెల వంతు ఒక ముసలి మేస్త్రిదట. ఆయన మనవాడేనట, నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాడట!

ఆరున్నరకే వెళ్ళాను. ఓ బడి మైదానం, చుట్టూ నిద్రగన్నేరు చెట్లు. కింద పాతిక కార్ల దాకా ఉన్నాయి. బుల్లి ఆస్టిన్ సెవెన్, మోరిస్ ఎయిట్, పడవంత షెవర్లే, ల్యాండ్‌మాస్టర్, అమ్మాయిలా సన్నగా ఓ ఫియట్ 1100. ఇంగ్లండు వాళ్ళ లెక్కన 1919 నుంచి 1930 లోపు పుట్టిందే అసలు వింటేజి. మన దగ్గర అంత పట్టింపు లేదు, తాతగారి వయసుంటే చాలు. మన ప్రభుత్వం 2021లో రూలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, రూపు మార్చకుండా ఉన్న బండికి వింటేజి రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబరు ప్లేటులో 'వీఏ' అని రెండు అక్షరాలు వస్తాయి. కొత్తగా చేయిస్తే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. కానీ రోజువారీ తిరగడానికి గానీ, వ్యాపారానికి గానీ వాడకూడదు. "మరి సినిమాకి అద్దెకిస్తే అది వ్యాపారం కాదా?" అని ఒకాయన అడిగాడు. అక్కడ అరగంట కొట్లాట జరిగింది. తేలలేదు.

ఇడ్లీలయ్యాక మేస్త్రిని మైకు ముందు నిలబెట్టారు. డెబ్బై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు పాపం, అది ఆయనకి ఇబ్బందిగా ఉంది. మైకు చూసి బెదిరిపోయాడు. నాలుగు ముక్కలు మాట్లాడి, "ఇది నా వల్ల కాదు సార్, బండి చూపించండి, చెప్తాను" అని దిగిపోయి ఎవరిదో బానెట్టు ఎత్తాడు. అంతే! గొంతు మారిపోయింది. అరవం, తెలుగు, ఇంగ్లీషు కలగలిపి రెండు గంటలు చెప్పాడు. అందరూ ఎండలో నిలబడే విన్నారు.

"తిరిగి చచ్చిన కారుని నేను తక్కువ చూశాను. కూర్చుని చచ్చినవే ఎక్కువ" అని మొదలెట్టాడు.

ఓ డాక్టరుగారు చెయ్యెత్తారు. "నేను వారం వారం అయిదు నిమిషాలు స్టార్టు చేసి ఉంచుతున్నానే! అయినా సైలెన్సరు పుచ్చిపోయింది."

"అందుకే పుచ్చింది" అన్నాడు మేస్త్రి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయట! ఇంజను బాగా వేడెక్కితే ఆవిరై పోతాయి. అయిదు నిమిషాలకి ఆపేస్తే ఆ నీళ్ళు సైలెన్సర్లోనూ, ఇంజనాయిల్లోనూ నిలిచిపోయి లోపల్నుంచి తింటాయి. స్టార్టు చేస్తే పది, పదిహేను కిలోమీటర్లు తిప్పాలి. అంత తీరిక లేకపోతే అసలు ముట్టుకోకూడదు. ముట్టుకుని వదిలెయ్యడమే పాపం!

తర్వాత బ్రేకులు. బ్రేకు ఆయిలుకి గాల్లో తేమ పీల్చుకునే గుణం ఉంది. మద్రాసు గాలికి చెప్పక్కర్లేదు. నీళ్ళు కలిసిన ఆయిలు వేడికి మరిగితే బుడగలొస్తాయి, పెడలు కిందికి జారిపోతుంది. "తిరుమల ఘాటు దిగేటప్పుడు ఆ సరదా తెలుస్తుంది" అన్నాడు. తిరిగినా తిరక్కపోయినా రెండేళ్ళకోసారి మార్చాల్సిందే. టైర్లదీ అదే వరస. గాడి ఎంతుందని కాదు, వయసు ఎంతని చూడాలి. పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. వింటున్న వాళ్ళలో నలుగురైదుగురు నెమ్మదిగా జారుకుని తమ టైర్ల దగ్గర వంగి చూసుకోవడం నేను గమనించాను.

ఇక పెట్రోలు. ఇక్కడ అందరికీ గుండెల్లో రాయి పడింది. 2000 సంవత్సరంలో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది. ఊపిరితిత్తులకి మంచిదే. పాత ఇంజన్లలో వాల్వు సీట్లు మాత్రం అరగడం మొదలెట్టాయి. గట్టి సీట్లు వేయించుకుని ఎలాగో గట్టెక్కారు. ఇప్పుడు ఇథనాల్. 2014లో నూటికి ఒకటిన్నర వంతు ఉండేది, 2025 నాటికి ఇరవై వంతులైంది. అది సారాయికి చెల్లెలు. నీళ్ళని పీల్చుకుంటుంది. పాత రబ్బరు గొట్టాలని మెత్తబరుస్తుంది, పంపులోని పొరని ఉబ్బిస్తుంది, కార్క్ ప్యాకింగుల్ని పాడుచేస్తుంది. నెలలకొద్దీ నిలవ ఉంటే నీళ్ళతో కలిసి అడుక్కి దిగిపోతుంది. "ట్యాంకులో పైన పెట్రోలు, కింద తీర్థం" అన్నాడు మేస్త్రి. అందుకని ఇథనాల్‌కి తట్టుకునే గొట్టాలు వేసుకోవాలి. కార్బురేటర్లో జెట్టు కాస్త పెద్దది పెట్టాలి. బండి నెలల తరబడి ఆపుతుంటే ట్యాంకు ఖాళీ చెయ్యాలి. పాత గొట్టం కారి వేడి సైలెన్సరు మీద పడిందా, ఇక రిపేరు గురించి మాట్లాడుకోనక్కర్లేదు.

కరెంటు సంగతులు కొన్ని చెప్పాడు. పాయింట్ల మధ్య సందు పదిహేను థౌ, అంటే అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు, పెట్టమన్నాడు. పాత ఇంగ్లీషు కార్లు చాలావాటికి ప్లస్సు వైరు బాడీకి ఉంటుందిట. ఒకసారి షూటింగులో ఎవడో తెలివిగలవాడు ల్యాండ్‌మాస్టర్‌కి కొత్త బ్యాటరీ పెట్టి, లోకమంతా చేసినట్టే మైనస్సు బాడీకి బిగించాడు. ముచ్చటపడి పెట్టుకున్న రేడియో అక్కడికక్కడే హరీ!

షూటింగు మాటెత్తితే మేస్త్రికి ఊపొచ్చింది. పాత కారుకి షూటింగంత శత్రువు లేదట. పది గజాలు పోవాలి, కట్! వెనక్కి. మళ్ళీ పది గజాలు. టేక్ టూ, టేక్ త్రీ. ఇంజను వేడెక్కదు, ప్లగ్గులు మసిబారతాయి, క్లచ్చి కాలిపోతుంది. రాత్రి ఎఫెక్టు కోసం హెడ్‌లైట్లు వెలిగించి ఉంచుతారు, బ్యాటరీ పడుకుంటుంది. ఆపైన కుర్రాళ్ళు తొయ్యాలి. ఇందాక చెప్పాను కదా, ఆ నలుగురు! ఒకప్పుడు ఆ నలుగుర్లో ఈయన కూడా ఒకడట.

ఉపన్యాసం అయిపోయిందనుకున్నాను. ఎవరో, "హెరాల్డ్ గురించి ఒక్క మాట చెప్పండి మేస్త్రీ" అన్నారు. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

ఆయన కాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"హెరాల్డ్‌కి ముందు చక్రాల కింద కంచు దిమ్మ ఒకటుంటుంది సార్. ట్రన్నియన్ అంటారు. చక్రాన్ని మోసే నిలువు కడ్డీ అడుగున మరలుంటాయి. ఆ మరలు దిమ్మలో తిరుగుతాయి. మీరు స్టీరింగు తిప్పినప్పుడల్లా తిరిగేవి అవే. దానికి ఆయిలు కొట్టాలి. గేరు ఆయిలు, తొంభై నంబరు. గ్రీజు కాదు. గ్రీజు చిక్కన, మరల్లోకి దిగదు. మీద ముద్దలా కూర్చుంటుంది. బానే ఉందనుకుంటాం. లోపల నీళ్ళు చేరి మరలు తుప్పు పడతాయి. ఓ రోజు బండి మలుపు తిప్పేటప్పుడు కడ్డీ పుటుక్కుమంటుంది. చక్రం లోపలికి మడిచేసుకుంటుంది.

"నేను పన్నెండో ఏట షెడ్డులో చేరాను. మొదటి రోజే చేతికి గ్రీజు గన్ను ఇచ్చారు. ఎక్కడ నిప్పిలు కనబడితే అక్కడ కొట్టరా అన్నారు. కొట్టాను. పదేళ్ళు కొట్టాను. ఎన్ని హెరాల్డ్‌లకి కొట్టానో ఆ దేవుడికే తెలుసు. బండితోపాటు ఇంగ్లీషులో పుస్తకం వచ్చేది. అందులో ఆయిలే కొట్టమని రాసుందట. ఓనర్లు దాన్ని బీరువాలో దాచుకునేవాళ్ళు. మాకు ఇవ్వరు. ఇచ్చినా మాకు చదువు రాదు. ఒకరోజు నేను గ్రీజు కొట్టిన బండే, స్టూడియో గేటు దగ్గర మలుపు తిప్పుతుంటే కూలబడింది. లోపల ఇద్దరు ఆడ జూనియర్ ఆర్టిస్టులు. మెల్లగా పోతోంది కనక బతికిపోయారు. వాళ్ళకి ఆ రోజు వేషం పోయింది. కూలి పోయింది. నేను చెయ్యాల్సిందంతా చేశాను సార్, శ్రద్ధగా చేశాను. తప్పు పని శ్రద్ధగా చేశాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలని తోచలేదు. నేను మెల్లగా వెళ్ళి పక్కన నిలబడి మా కారు సంగతి చెప్పాను. పెదనాన్న పేరు చెప్పగానే, "మేనేజరు గారి మీగడ హెరాల్డా! ఉందా ఇంకా?" అన్నాడు.

మధ్యాహ్నానికల్లా సాలిగ్రామంలో ఉన్నాం. మేస్త్రి ఇస్త్రీ చొక్కా విప్పి మడిచి పెద్దమ్మ చేతికిచ్చి, పాత బనీనుతో షెడ్డులోకి దూరాడు. నేను వెంటనే స్టార్టు చేస్తాడేమోననుకున్నాను. తాళం చెవి వైపు కూడా చూడలేదు! ముందు ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. ఇరవై రెండేళ్ళ పెట్రోలు వార్నీషు వాసన కొడుతోంది. "ఇది ఇంజను లోపలికి పోతే చిక్కుడు జిగురే" అని ట్యాంకు ఊడదీయించాడు. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఆ కన్నాల్లో ఇంజనాయిలూ డీజిలూ కలిపి పోశాడు. పిస్టన్లు గోడలకి అంటుకుపోయి ఉంటాయట, రాత్రంతా నానాలి. తర్వాత స్క్రూడ్రైవరు పిడితో అడుగు చట్రం అంతా తట్టుకుంటూ పోయాడు. టంగు టంగుమని మోగుతుంటే తలూపుతున్నాడు. ఒకచోట బొదబొదమంది. అక్కడ సుద్దతో గుండ్రం చుట్టాడు, వెల్డింగు చెయ్యాలిట.

కుడి ముందు చక్రం విప్పాక ఆయన మాట్లాడడం మానేశాడు.

దిమ్మ చుట్టూ పాత గ్రీజు గట్టిపడి నల్లటి బెల్లంలా ఉంది. అంతా గీకి, కడ్డీ బయటికి తీశాడు. అడుగు మరలు ఎర్రగా తుప్పెక్కి ఉన్నాయి. దానికి కిరసనాయిలు పూశాడు. కాసేపాగి పొడిగా తుడిచి, సుద్దపొడి అద్దాడు. తెల్లటి సుద్ద మీద, మరల పైభాగంలో, వెంట్రుకంత సన్నగా ఓ నల్ల గీత నెమ్మదిగా తేలింది. పగులులోకి దూరిన కిరసనాయిలు బయటికొచ్చి సుద్దని తడిపిందన్నమాట. గోటితో గీసి చూడమన్నాడు. గీశాను. గోరు ఆగింది.

"ఇంకెన్ని మలుపులు తట్టుకునేది?" అన్నాను.

"ఒకటో రెండో" అన్నాడు.

పెద్దమ్మ అంతవరకూ చూస్తూనే ఉంది. లోపలికెళ్ళి ఓ నల్ల అట్ట డైరీ తెచ్చింది. పెదనాన్న లెక్కల పుస్తకం. కాల్‌షీట్లు, కాఫీ టిఫిన్ల ఖర్చులు రాసే చేత్తోనే కారు ఖర్చులూ రాసుకున్నారు. మేస్త్రి నా వైపు చూశాడు. నేను చదివాను. "12-4-1989. ఇంజనాయిలు మార్పు. ముందు చక్రాలకు గ్రీజు." ఇంకో పేజీ. "ముందు చక్రాలకు గ్రీజు, దగ్గరుండి కొట్టించాను." ఇంకో పేజీ... అన్నిట్లోనూ అదే.

మేస్త్రి నేల మీద కూర్చుండిపోయాడు.

"నేనే కొట్టానేమోనమ్మా!"

"నువ్వో, ఇంకోడో" అంది పెద్దమ్మ. "ఆయన దగ్గరుండి కొట్టించారుగా. నీ ఒక్కడి తప్పా? లే, కాఫీ చల్లారిపోతోంది."

సోమవారం దిమ్మా, కడ్డీ వెతకడానికి బయల్దేరాం. ముందు జనరల్ ప్యాటర్స్ రోడ్డు. అక్కడ కొత్త పార్టుల కొట్లు. హెరాల్డ్ అనగానే కౌంటర్లో కుర్రాడు, "అది ఏ కంపెనీ సార్?" అన్నాడు. మేస్త్రి మొహం చిన్నబోయింది. ఆ కారు పుట్టింది ఈ ఊళ్ళోనే మరి!

అక్కణ్ణించి పుదుపేట. ఎగ్మూరుకి దగ్గర్లో, కూవం ఒడ్డున. నేనెన్నో స్టూడియో సెట్లు చూశాను గానీ అంతటి సెట్టు ఏ ఆర్టు డైరెక్టరూ వెయ్యలేదు. రెండు వైపులా కొట్లు, కొట్లలోంచి పొంగి రోడ్డు మీదికొచ్చిన ఇనుము. తలుపులన్నీ ఒక వరస, చొక్కాల్లా వేలాడదీసి ఉంటాయి. గేరుబాక్సులు గుట్టలు. రేడియేటర్లు పుస్తకాల్లా పేర్చి ఉంటాయి. కాలిన నూనె వాసన, కూవం కంపు, బిరియానీ ఘుమఘుమ కలిసి ముక్కుకి త్రివేణీ సంగమం! ఓ కుర్రాడు పేవ్‌మెంటు మీద కూర్చుని సుత్తీ ఉలీతో ఇంజను విప్పుతుంటే, చెరుకు ముక్క ఒలుస్తున్నాడా అనిపించింది. తమిళం, ఉర్దూ, తెలుగు ఏ భాషలో బేరమాడితే ఆ భాషలోనే జవాబు.

మేస్త్రి సూత్రం ఒకటే. "ఇనుము పాతదైనా కొను. రబ్బరు మాత్రం కొత్తదే కొను." అంబాసిడర్ పార్టులు కావలసినన్ని ఉన్నాయి. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయినా సామానుకి లోటు లేదు. పద్మినివి వెతికితే దొరుకుతాయి. హెరాల్డ్‌వి? ఎనిమిది కొట్లు తిరిగాం. ఒకచోట డిస్ట్రిబ్యూటరు మూత దొరికింది. ఇంకోచోట తలుపు పిడి. ఆరువందలు చెప్పి నాలుగొందలకి ఇచ్చాడు. తొమ్మిదో కొట్లో ముసలి భాయి ఒకాయన గోనెసంచి బోర్లించాడు. అందులో ఒక కడ్డీ ఉంది! మేస్త్రి దాన్ని పట్టుకుని ఎండలోకొచ్చి కిరసనాయిలూ సుద్దా అడిగాడు. భాయి నవ్వి తెప్పించాడు. సుద్ద మీద మళ్ళీ అదే నల్ల గీత.

"దీనికీ గ్రీజే కొట్టారు" అన్నాడు మేస్త్రి, కడ్డీని సంచిలో పడేస్తూ.

దారి చూపించింది ఆ భాయే. ఇంగ్లండులో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారుకీ ఇదే దిమ్మ, ఇలాంటి కడ్డీయే. అక్కడ ఆ కార్లు పెంచుకునేవాళ్ళు ఇంకా బోలెడుమంది, అందుకని కొత్తవి తయారవుతూనే ఉన్నాయి. డబ్బు కడితే పోస్టులో వస్తాయి. మద్రాసులో పుట్టిన కారుకి కాలు ఇంగ్లండు నుంచి రావాలన్నమాట! ఖర్చు లెక్కేశాను. ట్యాంకు, బ్రేకులు, గొట్టాలు, టైర్లు, వెల్డింగు, ఈ దిమ్మలు అన్నీ కలిపితే ఆ సినిమా కంపెనీ ఇస్తానన్న రేటు కన్నా ఎక్కువే తేలింది. పెద్దమ్మకి ఆ అంకె చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. డైరీలో ఓ ఖాళీ పేజీలో రాసి, తెరిచి టేబులు మీద పెట్టాను.

సాయంత్రం మేస్త్రి కారుని ఇటుకల మీంచి దింపించాడు. కుడి ముందు వైపు మాత్రం జాకీ మీదే ఉంచాడు. ప్లగ్గు కన్నాల మీద గుడ్డ కప్పి, టాప్ గేర్లో పెట్టి, ఎడమవైపు వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపమన్నాడు. రెండో వెనక చక్రానికి అడ్డుగా ఇటుక పెట్టి, నేనూ పక్కింటాయనా కలిసి ఎడమవైపు చక్రం కింద కూడా జాకీ పెట్టి లేపాం. పావుగంట ఊపాం. ఏమీ లేదు. చేతులు లాగేస్తున్నాయి. ఉన్నట్టుండి పెద్దమ్మ, "ఫ్యాను! ఫ్యాను కదిలిందిరా!" అని అరిచింది. అంగుళం కదిలింది. ఇంకోసారి ఊపితే పావు చుట్టు. ఆ తర్వాత ఇంజను మొత్తం బరువుగా, నూనె చప్పుడు చేస్తూ తిరిగింది. మేస్త్రి ఇంకేం చెయ్యొద్దన్నాడు. ఈ రోజుకి అంతేనట.

అప్పుడు మోగింది ఫోను. సినిమా కంపెనీ మేనేజరు. వచ్చే వారమే షూటింగట, లారీ పంపించమంటారా అంటున్నాడు. ఏం చెప్పాలో తెలీక ఫోను పెద్దమ్మకిచ్చాను. ఆవిడ అతను చెప్పేదంతా ఓపిగ్గా విన్నది. లోయ ఎంత లోతో అడిగింది. కారులో ఎవరన్నా ఉంటారా అని అడిగింది. ఎవరూ ఉండరండీ, ఉత్త కారే అన్నాడు కాబోలు.

"చూడు నాయనా, మా వారు నీలాగే మేనేజరు. ఆర్టిస్టు కాల్‌షీట్ ఖాళీ లేకపోతే ఏం చేస్తారో నీకు తెలుసుగా? ఇంకోళ్ళని చూసుకో" అని ఫోను నా చేతికిచ్చేసింది.

డైరీ వైపు చూశాను. నేను రాసిన అంకె కింద పెద్దమ్మ చేతిరాతతో ఓ లైనుంది. పాత గాజులు, రెండు, అమ్మితే వచ్చేది ఇంత అని.

మంగళవారం నేను రైలెక్కే వేళకి కుడి చక్రం జాకీ మీదే ఉంది, దిమ్మలకి ఆర్డరు వెళ్ళింది. ఎడమ చక్రం దిమ్మ విప్పి చూస్తే అదృష్టం కొద్దీ పగుల్లేదు. మేస్త్రి దాన్ని కడిగి బిగించాడు. గ్రీజు గన్ను ఖాళీ చేసి, పెట్రోలుతో శుభ్రం చేసి, అందులో తొంభై నంబరు గేరు ఆయిలు పోసి నా చేతికిచ్చాడు. దిమ్మ కింద నుంచి ఆయిలు చుక్క బయటికొచ్చేదాకా కొట్టమన్నాడు. పన్నెండుసార్లు కొట్టాను. డైరీలో తేదీ వేసి రాసింది కూడా నేనే.